పదకొండు రోజులు మోగిన ఫోను

మీ ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరడిగినా మా అన్నయ్య ఒకటే జవాబు చెప్పేవాడు. "ఫోన్లు చేస్తుంది."

అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. లిఫ్టు మెకానిక్కుని పట్టుకుని "తాళ్ళు లాగుతాడు" అన్నట్టుంటుంది. మా అన్నయ్య లిఫ్టు మెకానిక్కే కాబట్టి వదిన ఆ మాటే తిప్పికొట్టేది. "ఆయన తాళ్ళు లాగుతాడు, నేను ఫోన్లు చేస్తాను. ఈ ఇంట్లో చదువుకున్నవాడు మా మరిది ఒక్కడే." ఇంతా చేసి నేను చదివింది ఇతరులు రాసిన పుస్తకాల్లో అచ్చుతప్పులు. నలభయ్యేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. వదిన నాకు పెట్టిన పేరు తప్పులాయన.

ఆవిడ పనిచేసే సంస్థ జన్యువుల ముక్కలు తయారుచేసి అమ్ముతుంది. జీవం రాతంతా నాలుగే అక్షరాలట. పరిశోధకులు తమకు కావలసిన వరస రాసి పంపుతారు. ఇక్కడ మెషిన్లు ఆ అక్షరాలను ఒక్కొక్కటే గుచ్చి, చిటికెన వేలి గోరంత గొట్టంలో పెట్టి కొరియర్లో పంపిస్తాయి. కొత్త మందులకీ, రోగపరీక్షలకీ, చీడ తట్టుకునే పంటలకీ అన్నిటికీ ఇదే ముడిసరుకు. వంద ఆర్డర్లలో తొంభై తొమ్మిది ఇలాంటివే. ఆ మిగిలిన ఒక్కదాని గురించే వదిన ఉద్యోగం. లోకం వదిలించుకున్న ఏదో మహమ్మారి ముక్కను ఎవరైనా చెడ్డ బుద్ధితో అడిగితే? కంప్యూటరు ప్రతి ఆర్డరునూ ఒక జాబితాతో పోల్చి, అనుమానం వస్తే ఎర్రగీత పెడుతుంది. ఎర్రగీత పడిందంటే దొంగ అని కాదు. టీకా తయారుచేసేవాళ్ళూ ఆ ముక్కే అడుగుతారు. అడిగింది ఎవరు, ఎందుకు అడిగారు అన్నది కంప్యూటరుకి తెలియదు. ఆ సంగతి తేల్చడానికి ఒక మనిషి కావాలి.

"నాలుగక్షరాల భాషలో తప్పు ఎలా పట్టుకుంటారు వదినా?" అని ఒకసారి అడిగాను.

"అక్షరం తప్పు మెషిన్ పట్టుకుంటుంది. నేను పట్టుకునేది మనిషి తప్పు" అంది.

ఆవిడ గది నేను చూశాను. మెట్ల కింద, సరుకు పంపే గుమ్మం పక్కన, మొదట్లో అట్టపెట్టెలు పెట్టుకునే గదట. ఒక బల్ల, రెండు ఫోన్లు, తలుపు సరిగ్గా పడని బీరువా. కిటికీలోంచి కొరియరు వ్యాను వెనకభాగం కనిపిస్తుంది. వ్యాను తలుపు మూసిన చప్పుడైతే ఆవిడ తల ఎత్తి చూసేది. తను సరే అననిది ఏదీ అందులోకి ఎక్కకూడదు. సేల్సువాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు స్పీడు బ్రేకరు. మొహం మీదే అనేవాళ్ళు. "అక్కా, స్పీడు బ్రేకరక్కా, మా ఆర్డరు దాటనిస్తావా?" అంటే, "మెల్లిగా వస్తే దాటొచ్చు నాయనా, ఎగిరితేనే నడుం విరుగుతుంది" అనేది.

ఆవిడకో నియమం ఉండేది. ఆర్డరు కాగితం మీద ఉన్న నంబరుకి ఎప్పుడూ ఫోను చేయదు. ఆ సంస్థ అసలు నంబరు వేరే చోట వెతికి పట్టుకుని దానికి చేస్తుంది. చేసి, ఆర్డరిచ్చిన శాస్త్రవేత్తను అడగదు. స్టోరు చూసుకునేవాణ్ణి అడుగుతుంది, పక్క గదిలో పనిచేసేవాళ్ళని అడుగుతుంది. "మీ ప్రొఫెసరుగారి ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుంటుందండీ?" అని మామూలుగా మాట కలుపుతుంది. ఈ విద్య వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. ఆ తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, ఊళ్ళో సగం గొంతులు గుర్తుపట్టేదట. "అబద్ధమాడేవాడు కాగితం తయారుచేసుకుంటాడే. పక్కింటివాణ్ణి తయారుచేసుకోలేడు" అనేదట.

ఆ నియమం ఒకసారి ఫలించింది. పేరున్న పరిశోధనశాల నుంచి ఒక ఆర్డరు. లెటర్‌హెడ్డు, సంతకం, సీలు అన్నీ చక్కగా ఉన్నాయి. ఎర్రగీత పడింది. వదిన ఆ పరిశోధనశాల స్విచ్‌బోర్డుకి చేసి, స్టోరుకి కలపమంది. స్టోరాయన "ఎవరండీ, ఆ సారా? ఆయన పోయి నాలుగు నెలలైందండీ" అన్నాడు. వదిన థాంక్స్ చెప్పి, ఫోను పెట్టేసి, ఆర్డరు ఆపి, చెప్పవలసిన అధికారులకు చెప్పింది. వాళ్ళు వచ్చి కాగితాలు పట్టుకెళ్ళారు. అడిగింది ఎవరో, ఎందుకో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఈ రోజుకీ తెలియదు.

ఆవిణ్ణి కుదురుగా ఉండనివ్వనిది ఆ తెలియకపోవడం కాదు. ఇంకోటి. "నేను ఆపాను, సరే. వాడు తిన్నగా పక్క సంస్థకి వెళ్ళి అదే కాగితం చూపిస్తే? అక్కడ నా లాంటి మనిషి లేదు. చిన్న సంస్థలవాళ్ళు ఒక మనిషికి జీతమిచ్చి కూర్చోబెట్టి ఫోన్లు చేయించగలరా?"

అలా పుట్టింది ఉమ్మడి బల్ల ఆలోచన. చిన్నాపెద్దా సంస్థలన్నిటికీ కలిపి ఒకే విచారణ బల్ల. ఎర్రగీత ఎక్కడ పడినా విచారణ ఒకే చోట, ఒక చోట ఆగింది ఇంకో చోట జారిపోకుండా. ఏ ఒక్క సంస్థా దీనికి ఖర్చు పెట్టదు, పెడితే లాభం పక్కవాడికి. కాబట్టి ప్రజల డబ్బుతోనే జరగాలి. అప్పటికే ఒక పరిశోధన నిధి ఉంది. కృత్రిమంగా జీవాన్ని తయారుచేసే ఈ కొత్త విద్య ఉగ్రవాదుల చేతిలో పడకుండా మార్గాలు వెతికేవాళ్ళకి ఇవ్వడానికే దాన్ని పెట్టారు. వదిన దానికి అర్జీ రాసింది. దిద్దింది నేను.

మొదటి ఏడాది "ఇది పరిశోధన కాదు" అని తిరిగొచ్చింది. రెండో ఏడాది "ఇందులో కొత్తదనం లేదు" అని వచ్చింది. డబ్బంతా ఎర్రగీతను ఇంకా బాగా గీసే మెషిన్లకే వెళ్ళింది.

"పోనీ వదిలెయ్యవే" అన్నాడు అన్నయ్య. "రిటైరవడానికి రెండేళ్ళుంది. ఎవరికి పట్టింది?"

"ఎవరికీ పట్టలేదనే కదా అర్జీ పెడుతున్నది" అంది వదిన, కంచం కడుగుతూనే.

మూడోసారి ఆవిడ అర్జీకి ముందు పరీక్ష పెట్టింది. తమ డైరెక్టరుని ఒప్పించి, నాలుగు చిన్న సంస్థల వెంటపడి వాళ్ళనీ ఒప్పించి, ఆరు నెలల పాటు ఉమ్మడి బల్ల నడిపి చూపిస్తానంది. నిధి కార్యాలయం వాళ్ళనే వదిన అడిగింది: మీరే ఇరవై దొంగ ఆర్డర్లు తయారుచేసి, ఎప్పుడు పడితే అప్పుడు మా మధ్యలోకి వదలండి, ఏవి దొంగవో మాకు చెప్పకండి. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆరు నెలలూ మెట్ల కింద గదిలో వదినా, ఇంకో ఇద్దరూ ఫోన్లు చేశారు. చివరికి లెక్క తేలింది. కాగితాలు మాత్రమే చూసే పాత పద్ధతిలో ఇరవైలో తొమ్మిది దాటిపోయేవి. వదిన బల్ల దగ్గర ఒక్కటే దాటింది. ఆ ఒక్కటీ ఎలా దాటిందో వారం రోజులు తిట్టుకుంటూ తిరిగింది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పిల్లల ఆసుపత్రి ఆర్డరు వచ్చింది.

అప్పటికి ఆరు నెలల గడువుకి ఇంకా వారం ఉంది. ఆ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పిల్లల జ్వరానికి గంటలో ఫలితం చెప్పే పరీక్ష తయారుచేస్తోంది. దానికో ముక్క కావాలి. ఎర్రగీత పడింది. వదిన కాగితం మీది నంబరు పక్కనపెట్టి, ఆసుపత్రి నంబరు డైరెక్టరీలో వెతికి చేసింది. ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. మర్నాడు చేసింది. మోగింది, ఎత్తలేదు. ఆసుపత్రి కదా, పనిలో ఉంటారనుకుంది. పొద్దున చేసింది, మధ్యాహ్నం చేసింది, సాయంత్రం చేసింది. ఫోను ఆరోగ్యంగా మోగుతూనే ఉంది.

ఐదో రోజు డాక్టరమ్మే ఫోను చేసింది. "నా ఆర్డరు ఎందుకు ఆపారు?"

"విచారణలో ఉందండీ."

"విచారించండి! నేనే మాట్లాడుతున్నాను కదా!"

"మీరు చేసిన ఫోను లెక్కలోకి రాదండీ. నేనే మీకు చేయాలి."

"అయితే చేయండి! కాగితం మీద నంబరు రాశాను కదా!"

"ఆ నంబరుకి చేయకూడదండీ."

"మీకు పిచ్చా?" అని వినిపించి ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఇది వదినే నాకు చెప్పింది, తరవాత, ఒక్క మాట కూడా తనకు అనుకూలంగా మార్చకుండా.

ఆవిడ ఆర్డర్ల సంగతులు ఇంట్లో చెప్పేది కాదు. అదీ ఒక నియమమే. పదకొండో రోజు సాయంత్రం భోజనాల దగ్గర మాత్రం, ఆర్డరు మాట ఎత్తకుండా, ఊరికే గాల్లోకి అన్నట్టు అంది. "ఈ పిల్లల ఆసుపత్రిలో ఫోను ఎవరూ ఎత్తరేమిటో."

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుంటూనే "ఎవరెత్తుతారు, గోడలా?" అన్నాడు. "ఆ బిల్డింగు ఖాళీ చేసి రెండు నెలలైంది. లిఫ్టులు మేమే ఆపేసి వచ్చాం. వార్డులన్నీ అవతలి వీధిలో కొత్త బ్లాకుకి మార్చేశారు. నాలుగంతస్తుల్లో ఒక్క వాచ్‌మన్ ఉన్నాడు, వాడు గేటు దగ్గరే కూర్చుంటాడు."

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అన్నయ్య.

"ఏమీ కాలేదు. పదకొండు రోజులు ఖాళీ గోడలకి ఫోను చేశాను" అంది.

మర్నాడు పొద్దున్నే కొత్త బ్లాకుకి మనిషిని పంపి విచారణ ముగించింది. ఆర్డరు ఆ రోజే వ్యాను ఎక్కింది. అప్పటికి ఆరు నెలల పరీక్ష గడువు దాటి నాలుగు రోజులైంది.

నిధికి నివేదిక ఇవ్వడానికి పది రోజులుంది. డైరెక్టరు వదినను పిలిచాడు. మంచివాడే. ఆవిడ కోసం ఒక గది, రెండు ఫోన్లు ఇచ్చినవాడు.

"నిబంధన చూశావా అమ్మా? పరీక్ష ముగిసేనాటికి తేలని ఆర్డర్లు లెక్కలో చూపించనక్కర్లేదు. ఈ ఆసుపత్రిది తేలలేదు. తీసెయ్. మనం అబద్ధం చెప్పడం లేదు. నిబంధనే అలా ఉంది."

"తేలలేదు కాబట్టే లెక్కలో ఉండాలి సార్."

"చూడు, ఈ ఒక్కటి పెడితే అందరూ దీన్నే పట్టుకుంటారు. మూడోసారి కూడా పోతే ఇక నేను ఈ బల్ల నడపలేను. నెలాఖరుకి మూసేస్తాను. ఆ నాలుగు సంస్థలవాళ్ళూ ఎవరి దారిన వాళ్ళు పోతారు. నీకది కావాలా?"

వద్దు. ఆవిడకి కావలసింది ఆ బల్ల ఉండడమే. మూడేళ్ళుగా ఆవిడ కోరుకున్న ఒకే ఒక్క వస్తువు అది. ఆ సాయంత్రం నివేదిక నా ముందు పెట్టింది.

"తప్పులాయనా, చూసిపెట్టు."

నేను మొదటి పేజీ తిప్పబోయి ఆగాను. ఇరవైలో పంతొమ్మిది పట్టుకున్న సంగతి రెండో పేజీలో ఉంది. మొదటి పేజీ మొదటి పేరాలో ఆసుపత్రి సంగతి ఉంది. పదకొండు రోజులు, రోజుకి మూడు ఫోన్లు, ఖాళీ భవనం. డాక్టరమ్మ చేసిన ఫోనూ, తనిచ్చిన జవాబూ.

"వదినా, ఇది చివర్లో పెట్టొచ్చు కదా? దాచమనడం లేదు. కాస్త వెనక్కి."

"నువ్వు ప్రెస్సులో తప్పొప్పుల పట్టిక ఎక్కడ వేసేవాడివి?"

"చివర్న."

"ఎంతమంది చదివేవాళ్ళు?"

నేను పెన్సిలు పక్కన పెట్టాను. నలభయ్యేళ్ళలో ఆ పేజీ చదివినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో.

"నా నియమం వల్ల తప్పు జరిగింది" అంది. "నియమం చెడ్డది కాదు. సగమే ఉంది. వెతికిన నంబరు బతికుందో లేదో చూడాలని అందులో లేదు. ఆ మిగతా సగం ఎలా ఉండాలో కనుక్కోవడానికే నాకు డబ్బు కావాలి. తప్పు దాచి ఏం చెప్పి అడగను? అంతా బాగుంది, డబ్బివ్వండి అనా?"

అన్నయ్య పేపరు వెనకనుంచి "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఎవరూ అడక్కముందే తప్పు ఒప్పుకునే మనిషిని నిన్నే చూశాను" అన్నాడు.

"ఆ సామెత ఇక్కడికి అతకదు."

"తెలుసు. ఏదో ఒకటి అనాలి కదా."

రెండు రోజుల తరవాత వదిన డాక్టరమ్మను చూడ్డానికి కొత్త బ్లాకుకి వెళ్ళింది. తోడుగా నన్ను రమ్మంది. "మాట్లాడకు. ఊరికే కూర్చో. నేను మధ్యలో లేచి వచ్చేయకుండా." గోడలకింకా రంగు వాసన పోలేదు. వరండాలో తల్లులు పిల్లలను భుజాన వేసుకుని తిరుగుతున్నారు. డాక్టరమ్మ గది చిన్నది, కుర్చీల మీద కూడా ఫైళ్ళు. వయసు నలభై దాటదు. వదిన ఎవరో తెలియగానే ఆవిడ మొహం గడియ పెట్టినట్టు మూసుకుపోయింది.

"క్షమించమని అడగడానికి వచ్చారా?"

"అదీ అడుగుతాను. ముందు ఆ పదకొండు రోజుల్లో ఇక్కడ ఏం జరిగిందో చెప్పండి. రాసుకుంటాను."

డాక్టరమ్మ చెప్పింది. చెప్పడం కాదు, కడిగేసింది. వదిన తల వంచుకుని రాసుకుంది, అర్థం కాని చోట మళ్ళీ అడిగి రాసుకుంది. అరగంటకి డాక్టరమ్మ అలిసిపోయింది.

"నర్సింగ్ సూపరింటెండెంటుకి చేసుంటే రెండు నిమిషాల్లో తేలేది. ఆవిడ పాతికేళ్ళుగా ఇక్కడే ఉంది. బిల్డింగు మారినా ఆవిడ సెల్లు నంబరు మారలేదు, నర్సుల సంఘంలో అడిగితే ఇస్తారు. మీకా మాత్రం తట్టలేదా?"

"తట్టలేదు" అంటూ వదిన అదీ రాసుకుంది. తరవాత తల ఎత్తి అడిగింది. "మా అర్జీకి మీరో ఉత్తరం రాసిస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది, అది మంచి నవ్వు కాదు. "మద్దతు లేఖా? నేనా?"

"మద్దతు అక్కర్లేదండీ. జరిగింది రాయండి చాలు."

"జరిగిందే రాస్తాను. చదువుకుని బాధపడకండి."

"మీరు తిన్నగా వాళ్ళకే పంపండి. నేను చదవను."

అర్జీ మీద విచారణ నిధి కార్యాలయం మూడో అంతస్తులో. ఎవరైనా వచ్చి వెనక కూర్చోవచ్చు. అన్నయ్య సెలవు పెట్టి మరీ వచ్చాడు. లిఫ్టు ఎక్కగానే చెవి గోడకి ఆనించి, "సర్వీసు చేసి ఏడాది దాటింది" అన్నాడు. వదిన "ఇవాళ ఒక్కరోజు ఊరుకో" అంది.

కమిటీలో ఐదుగురు. నడుమ కూర్చున్న పెద్దావిడే మాట్లాడేది ఎక్కువ. ఆవిడ పక్కన కళ్ళజోడాయన మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ శ్రద్ధ మెచ్చుకోవాలి. కానీ ఈ నిధి పరిశోధనకి. ఫోను చేయడం పరిశోధన ఎలా అవుతుంది?"

"అవదండీ" అంది వదిన. "ఎవరికి, ఏ దారిన చేస్తే అబద్ధం బయటపడుతుంది, ఏ దారిన చేస్తే నిజం చెప్పేవాళ్ళు నలిగిపోతారు అన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. అది తేల్చడం పరిశోధన."

"చెడు జరగకుండా ఆపామంటారు. జరగని దాన్ని మేం ఎలా కొలవాలి?"

వదిన వెనక్కి తిరిగి అన్నయ్య వైపు చూసింది. "మా ఆయన లిఫ్టు మెకానిక్కండీ. తాడు తెగితే లిఫ్టును పట్టుకునే బ్రేకు ఒకటుంటుంది. తాడు తెగేదాకా ఆగి చూడరు. బరువు పెట్టి, కావాలనే జారనిచ్చి చూస్తారు. మీరు మా మధ్యకి వదిలిన ఇరవై దొంగ ఆర్డర్లూ అలాంటివే. ఒకటి జారిపోయింది. ఎలా జారిందో మూడో పేజీలో రాశాం."

అన్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి తనది తాళ్ళు లాగే ఉద్యోగం కాదని ఒక కమిటీ ముందు తేలింది.

అప్పుడు పెద్దావిడ ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసింది. "ఇది మీరు చదివారా?"

"లేదండీ."

"చదువుతాను." కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. "నేను వీళ్ళ అర్జీకి మద్దతు ఇవ్వడం లేదు. పదకొండు రోజులు మా పని ఆగింది. ఆ రోజుల్లో నలభై ముగ్గురు పిల్లలు జ్వరంతో వచ్చారు. రెండు రోజులు పట్టే పాత పరీక్షే చేశాం. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. వచ్చుంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు. విసిగిపోయి ఎనిమిదో రోజున వేరే సంస్థకి అదే ఆర్డరు పంపాను. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా రెండు రోజుల్లో పంపేస్తామన్నారు. సంతోషించాను. ఇంటికి వెళ్ళాక భయమేసింది. నేనెవరో వాళ్ళకి తెలియదు కదా. ఆ ఆర్డరు రద్దు చేసుకున్నాను. ఇంతకంటే చెప్పలేను. ఏది మేలో మీరే తేల్చండి."

వదిన చేతులు ఒళ్ళో ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి.

"ఆ వేరే సంస్థ మీ బల్లలో చేరినవాళ్ళలో ఉందా?" అంది పెద్దావిడ.

"లేదండీ. బయటిది. రమ్మని మూడుసార్లు అడిగాం, రాలేదు. మళ్ళీ అడుగుతాం."

"మీ నియమం వల్లే ఆలస్యమైందని మీరే రాశారు. మీకెందుకివ్వాలి?"

"నియమం సగంలో ఉందండీ. మిగతా సగం ఏమిటో ఇప్పుడు తెలుసు. వెతికిన నంబరుకి రెండు రోజుల్లో మనిషి దొరక్కపోతే ఫోను వదిలేసి మనిషే వెళ్ళాలి. ప్రతి పెద్ద సంస్థలో పాతికేళ్ళుగా కదలని మనిషి ఒకరుంటారు, ముందు వాళ్ళ పేరు కనుక్కోవాలి. ఇది ఎన్నిచోట్ల పనిచేస్తుందో తెలియదు. చూడాలి. మీరు ఇవ్వకపోతే నెలాఖరుకి బల్ల మూసేస్తారు. ఆ తరవాత వచ్చే డాక్టరమ్మకి ఆలస్యం కాదు. వచ్చే దొంగకీ ఆలస్యం కాదు."

మూడు వారాలకి జవాబొచ్చింది. నాలుగేళ్ళకి అడిగితే రెండేళ్ళకిచ్చారు. కొత్తగా ఐదుగుర్ని అడిగితే ఇద్దర్నిచ్చారు. ఆపిన ప్రతి నిజాయితీ ఆర్డరూ ఎన్నాళ్ళు ఆగిందో నెలనెలా బయటపెట్టాలి. ఉత్తరం కింద పెద్దావిడ చేత్తో రాసిన ఒక వాక్యం: "పదకొండును రెండుకి దించండి. దించలేకపోతే మళ్ళీ రావద్దు."

"దించాకే వెళ్తాను" అంది వదిన. ఆ కాగితం మడిచి తలుపు పడని బీరువాలో పెట్టింది.

కొత్తగా వచ్చిన ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఒకావిడ ఇదివరకు బ్యాంకులో ఫిర్యాదులు వినేది. ఇంకొకాయన స్కూల్లో సైన్సు చెప్పేవాడు. మొదటి రోజు వాళ్ళను బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు. పాత ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంట్లో నాకు మాత్రం ఒక పని అప్పగించింది. "సరిగ్గా పదకొండింటికి డైరెక్టరీలో ఉన్న ఆ ఆసుపత్రి నంబరుకి చెయ్. ఎత్తకపోయినా పెట్టెయ్యకు. మోగనీ."

వాచ్‌మన్ తాళం తీశాడట. అన్నయ్య ఆపేసిన లిఫ్టు పక్కనుంచి మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్ళారట. మంచాలు లేని పొడుగాటి గది, గోడల మీద మంచాల నంబర్లు, మూల బల్ల మీద దుమ్ముపట్టిన ఫోను. వదిన వాళ్ళిద్దర్నీ అక్కడ నిలబెట్టి ఏమీ చెప్పలేదట.

పదకొండింటికి నేను చేశాను. ఆ రోజు అన్నయ్యకి సెలవు, పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. నా చెవిలో మామూలుగానే మోగింది. ఏ ఇంట్లో మోగినా అంతే కదా, అవతల మనుషులున్నారో గోడలున్నాయో తెలియదు. అక్కడ మాత్రం ఆ చప్పుడు నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చిందట. పది మోతలు, పదిహేను. వదిన అప్పుడందట: "విన్నారా? నేను పదకొండు రోజులు చేసింది ఇదే. అటు పక్కనుంచి వింటే బాగానే ఉంటుంది."

ఇరవయ్యో మోతకి ఎవరో ఫోను ఎత్తారు. నేను ఉలిక్కిపడ్డాను. ఎత్తుతారని అనుకోలేదు.

"హలో, ఎవరండీ?" బ్యాంకావిడ గొంతు. ఆ చప్పుడు భరించలేకపోయిందట.

"నేనండీ. మీ మేడం మరిదిని. ఆవిడే చేయమంది."

జవాబు మర్యాదగానే, గట్టిగానే వినిపించింది. "అది మీరంటున్నారు సార్. మీ పక్కన ఇంకెవరున్నారు? ఫోను వాళ్ళకివ్వండి."

వెనకాల వదిన నవ్వు వినిపించింది. నేను ఫోను అన్నయ్యకిచ్చాను.